ఇంజిన్ దించకుండా పాత షెవెల్‌కి పికప్ తెప్పించేదెలా? (మీ కారు ప్రశ్నలకి జవాబులు)

ప్రశ్న: గురువుగారూ నమస్తే. మేం ఉండేది టెక్సస్‌లో, ఇర్వింగ్. చిన్నప్పట్నుంచీ ఉన్న పిచ్చి కొద్దీ పోయినేడాది షెవ్రొలే (షెవీ) వాళ్ళ 1972 షెవెల్ మాలిబు కూపే కొన్నాను. 350 (ఘనపుటంగుళాల) ఇంజిన్, రెండు బ్యారెళ్ళ (గాలి గొట్టాల) కార్బురేటరు, ఆటోమేటిక్. చూస్తే అదిరిపోద్ది గానీ హైవే ఎక్కేటప్పుడు పక్కన క్యామ్రీ వాడు కూడా దాటేసి పోతుంటే నిజంగా సిగ్గేస్తోంది. ఒక ఫ్రెండు ఇంజిన్ దించేసి 383 స్ట్రోకర్ చేయించెయ్ అంటాడు, ఇంకొకడు కొత్త క్రేట్ ఇంజినే (పెట్టెలో రెడీమేడ్‌గా వచ్చేది) తెప్పించుకో అంటాడు. మాదేమో టౌన్‌హోమ్, ఒక్క కారు పట్టే గరాజ్, అందులోనే ఓ మూల గ్యాస్ వాటర్ హీటరు, ఇండియా సూట్‌కేసులు. డ్రైవ్‌వేలో రిపేర్లు చేస్తే హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు లెటర్ పంపిస్తారు. మా ఆవిడ షరతు ఒక్కటే, ఆదివారం రాత్రికి గరాజ్ తలుపు పడాలి. బడ్జెట్ 2500 డాలర్ల దాకా. ఏదో కొద్దిగా పెంచుకుంటే చాలు, రేసులకేం వెళ్ళను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకుడు, ఇర్వింగ్

జవాబు: ముందు మీ సిగ్గు కొంచెం తగ్గిస్తాను. మీ కారుకి కంపెనీ రాసిన పవర్ 165 హార్స్‌పవర్. ఇదే రెండు బ్యారెళ్ళ 350కి 1970లో 250 అని రాశారు, 1971లో 245 అన్నారు, మరుసటేడాదికి 165 అయిపోయింది. 1971కీ 1972కీ మధ్య ఇంజిన్‌లో పెద్దగా మారిందేం లేదండీ, రెండిట్లోనూ కంప్రెషన్ (సిలిండర్లో గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్క) 8.5 దగ్గరే, మారింది కొలిచే పద్ధతి. అంతకుముందు ఎయిర్ క్లీనరు, సైలెన్సరు లాంటివేవీ లేకుండా ఉత్త ఇంజిన్‌ని స్టాండ్ మీద పెట్టి కొలిచి గొప్పగా రాసుకునేవాళ్ళు, 1972 నుంచి కార్లో ఎలా ఉంటదో అలా అన్నీ తగిలించి కొలిచిన నెట్ లెక్క వేశారు. కాబట్టి పేపర్ మీద 80 గుర్రాలు పోయినట్టు కనిపిస్తుంది గానీ అవి అసలు ఎప్పుడూ లేవు. నిజంగా పోయిందేదైనా ఉంటే 1971లో తక్కువ సీసం ఉన్న పెట్రోలు కోసం కంప్రెషన్ దించినప్పుడు పోయింది, దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి ఉంది, అదే చెప్పబోతున్నా.

383 సంగతి. అదంటే ఏంటంటే, 400 ఇంజిన్‌కి ఉండే 3.75 అంగుళాల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) క్రాంక్‌ని 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) బోరు చేసిన 350 బ్లాక్‌లో దించడం. మంచి ఇంజినే, కాదన్ను. కానీ బ్లాక్ బయటికి రావాలి, మెషీన్ షాపుకి వెళ్ళాలి, స్టాండ్ మీద నెలల తరబడి కూర్చోవాలి. మీ కారు పొడవు 197 అంగుళాలు, అంటే పదహారున్నర అడుగులు. మామూలు సింగిల్ గరాజ్ లోతు 20 అడుగులు అనుకుంటే మీకు మిగిలేది ముందూ వెనకా కలిపి మూడున్నర అడుగులు, అందులో సూట్‌కేసులు. ఇంజిన్ ఎత్తే హాయిస్ట్ ఆ సందులో పట్టదు, పట్టినా ఇంజిన్ బయటికొచ్చాక అటూ ఇటూ తిప్పడానికి జాగా ఉండదు. క్రేట్ ఇంజిన్‌కి కూడా ఇదే గొడవ, పైగా మీ బడ్జెట్‌లో మంచిది రాదు. అవతలి వాళ్ళకేం, చెప్పేసి వెళ్ళిపోతారు, ఆదివారం రాత్రి సమాధానం చెప్పుకోవాల్సింది మీరు.

నా మాట ఏంటంటే ఆయిల్ పాన్ జోలికి వెళ్ళొద్దు, బ్లాక్ కారులోనే ఉంచేసి పైన పైన పని చెయ్యండి. షెవీ స్మాల్ బ్లాక్‌లో (మీ 350 ఆ కుటుంబమే) అదృష్టం ఏంటంటే గాలి లోపలికి వెళ్ళే దారి బాగు చేస్తే చాలావరకు పని అయిపోద్ది, అదంతా బానెట్ ఎత్తి నిలబడి చేసే పనే. అసలు కష్టపడాల్సిన బోరింగూ గ్రైండింగూ ఏమైనా ఉంటే విడిభాగాలు మెషీన్ షాపుకి పట్టుకెళ్ళండి, వాళ్ళ జాగా వాళ్ళ మెషీన్లు వాడుకోండి.

కొనే ముందు ఇంజిన్ ఆరోగ్యం చూడాలి. కంప్రెషన్ టెస్టరు పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని ఇస్తారు, వాడి తిరిగిచ్చేస్తే డబ్బులు వెనక్కి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఎనిమిది ప్లగ్గులూ తీసేసి, కార్బురేటరు త్రాటిల్ పూర్తిగా తెరిచిపెట్టి ఒక్కో సిలిండరు చూడండి. ఎంత వచ్చిందన్న దానికంటే ఎనిమిదీ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. ఒకటి రెండు బాగా తక్కువొస్తే ఆ సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడండి, పెరిగితే రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులు. రింగులు పోయిన ఇంజిన్ మీద కొత్త హెడ్లు (సిలిండర్ల మీద మూతలా కూర్చునే, వాల్వులుండే భాగాలు) బిగిస్తే బూడిదలో పోసిన పన్నీరే, అప్పుడు నాకు మళ్ళీ రాయండి, వేరే మాట్లాడుకుందాం.

ఇంకొకటి చాలామంది చూడరు, టైమింగ్ చెయిన్. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి రోటర్‌ని చూస్తూ ఉండమని ఎవరినైనా నిలబెట్టండి, మీరు కింద క్రాంక్ బోల్ట్‌కి పొడుగు పానా వేసి ఒక వైపు కొంచెం తిప్పి ఆపి, నెమ్మదిగా రెండో వైపు తిప్పండి. క్రాంక్ కదిలాక ఎంత దూరానికి రోటర్ కదిలిందో క్రాంక్ ముందుండే డ్యాంపర్ చక్రం మీద గుర్తుల్లో చూసుకోండి. ఏడెనిమిది డిగ్రీలు పోయినా రోటర్ ఉలుకూ పలుకూ లేకుండా ఉందంటే చెయిన్ సాగిపోయింది. ఆ రోజుల్లో చప్పుడు తగ్గడానికని క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) గేర్ పళ్ళకి నైలాన్ పూత వేసేవాళ్ళు, యాభై ఏళ్ళకి అది పెళుసెక్కి ముక్కలు ముక్కలుగా ఊడి ఆయిల్ పాన్‌లో పడి పంపు జల్లెడకి అడ్డం పడతాయి. ఇంతవరకూ ఎవరూ మార్చకపోతే ఇనుప పళ్ళ సెట్ వేసేసుకోండి, రేడియేటరు తీసుకుంటే ముందు నుంచి చేసే పనే.

ఇప్పుడు పైసా ఖర్చు లేని పికప్, ఇగ్నిషన్ టైమింగ్, అంటే పిస్టన్ పైకి రావడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గు మెరవాలన్నది. 1972 కార్లలో పొగ తగ్గించడానికని కింది గేర్లలో వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో టైమింగ్‌ని ముందుకి జరిపేది) అందకుండా ఆపే సోలినాయిడ్ ఒకటి పెట్టారు, తర్వాత చేతులు మారిన కొద్దీ ఎవడికి తోచినట్టు వాడు పైపులు పీకేసి గొట్టాలకి బోల్టులు కుక్కేసి ఉంటారు. డయల్ ఉన్న టైమింగ్ లైట్ ఒకటి తెచ్చుకుని, వాక్యూమ్ పైపు తీసి మూసేసి, ఐడిల్లో 10–12 డిగ్రీలు, 3000 ఆర్పీఎమ్ దగ్గర మొత్తం 34–36 డిగ్రీలు వచ్చేలా పెట్టుకోండి, తర్వాత వాక్యూమ్ పైపు తగిలించండి. పెట్రోలు కొట్టుకుంటున్న చప్పుడు వస్తే రెండు డిగ్రీలు వెనక్కి. చాలామంది ఇక్కడే ఆగిపోయి హ్యాపీగా కారు నడుపుకుంటారు, అదీ తప్పేం కాదు. మీ కారంత పాతదానికి టెక్సస్‌లో పొగ టెస్ట్ లేదు, వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళు మాత్రం రూల్ చూసుకుని ముట్టుకోండి.

అసలు పనికొద్దాం. జనం మొట్టమొదట చేసే కొనుగోలు నాలుగు బ్యారెళ్ళ కార్బురేటరు, అల్యూమినియం ఇంటేక్ (కార్బురేటరు నుంచి హెడ్లకి గాలి పంచే మ్యానిఫోల్డు). అక్కడే ఒక్క నిమిషం ఆగండి! 1996 నుంచి 2000 వరకు షెవీ, జీఎంసీ ట్రక్కుల్లో 5.7 లీటర్ల ఇంజిన్‌కి వోర్టెక్ హెడ్లు వచ్చాయి, కాస్టింగ్ నంబరు (పోతలోనే పడ్డ నంబరు) చివర 906 గానీ 062 గానీ ఉంటది. కంపెనీ ఇనుప హెడ్లలో ఇంత బాగా గాలి లాగేవి ఇంకోటి లేవని నా అభిప్రాయం, తుక్కు యార్డుల్లో ఇంకా దొరుకుతున్నాయి. కానీ వాటికి ఇంటేక్ ఒక్కో వైపు నాలుగే బోల్టులతో కూర్చుంటది, మీ పాత హెడ్లకి ఆరు. అంటే ఇప్పుడు మామూలు ఇంటేక్ కొని, ఆర్నెల్లకి హెడ్లు మారుద్దాం అనుకుంటే ఆ ఇంటేక్ అటకెక్కాల్సిందే. హెడ్లు మార్చే ఉద్దేశం ఏ మూలన్నా ఉంటే మొదటి రోజే వోర్టెక్ ఇంటేక్ ప్లాన్ చేసుకుని రెండూ కలిపి ఒకేసారి వెయ్యండి, పని కూడా ఎలాగూ ఒకటే.

ఎందుకంత పట్టుబడుతున్నానంటే కంప్రెషన్. 350లో ఒక్కో సిలిండరు 716 సీసీ. కంప్రెషన్ 8.5 అంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు పైన మిగిలే జాగా 95 సీసీ చిల్లర. మీ హెడ్లో గుంట దాదాపు 76 సీసీ, వోర్టెక్‌లో 64. పన్నెండు సీసీ తగ్గితే 83 మిగిలింది, లెక్క వేస్తే 9.5 పైన వస్తుంది. అయితే చిక్కు ఎక్కడంటే బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య పెట్టే గాస్కెట్. కంపెనీ వేసింది పల్చటి రేకు, 15 థౌ, ఈ రోజుల్లో మామూలు సెట్‌లో వచ్చే గాస్కెట్ 40 థౌ దాకా ఉంటుంది, అది వేస్తే అయిదు సీసీల పైన మళ్ళీ పెరిగి 9 దగ్గరకి దిగిపోద్ది. కష్టపడి తెచ్చుకున్నదాంట్లో సగం గాస్కెట్‌కి ఇచ్చుకున్నట్టు. 28 థౌ గాస్కెట్ అడిగి తీసుకోండి, సరిపోద్ది.

యార్డు నుంచి తెచ్చిన హెడ్లు తిన్నగా బిగించెయ్యకండి. వోర్టెక్‌లు వేడెక్కితే వాల్వు సీట్ల మధ్య, ఎగ్జాస్ట్ వైపు చీలికలొస్తాయి, మెషీన్ షాపులో ప్రెషర్ పెట్టి చూపించండి, ఫేస్ గీయించండి, స్ప్రింగులు కొత్తవి వేయించండి. వీటి రాకర్లు (వాల్వుని నొక్కే చేతులు) వేరే, వాల్వు మీద తమంతట తామే నిలబడే రకం, మీ పాత రాకర్లు వేస్తే జారిపోతాయి. వాల్వు కవర్లు కూడా మధ్యలో బోల్టులుండే రకం కొనాలి. చోక్ వేడెక్కడానికి పాత హెడ్లలో ఉన్న ఎగ్జాస్ట్ దారి వీటిల్లో లేదు కాబట్టి కార్బురేటరు ఎలక్ట్రిక్ చోక్‌ది తీసుకోండి. సైజు 600 సీఎఫ్ఎమ్ (నిమిషానికి లాగే గాలి, ఘనపుటడుగుల్లో) చాలు. 350 ఘనపుటంగుళాలు, 5500 ఆర్పీఎమ్, 3456తో భాగిస్తే 557, నిజానికి వీధి ఇంజిన్ అందులో 85 శాతం పీలిస్తే గొప్ప. షాపువాడు 750 అంటగట్టాలని చూస్తాడు, వద్దనండి, కింది ఆర్పీఎమ్‌లో మొండికేస్తుంది.

బిగించే రోజు గురించి. కారుని గరాజ్‌లోకి రివర్స్‌లో ఎక్కించండి, ముక్కు తలుపు వైపు రావాలి, అప్పుడు వెలుతురూ గాలీ మీకు దొరుకుతాయి, తలుపు వేసేటప్పుడు బానెట్ దించితే చాలు. బానెట్ ఊడదీయకండి, పెట్టుకునే చోటు లేదు. పెట్రోలు లైను ఊడదీసే ముందు వాటర్ హీటర్ గ్యాస్ కట్టేసి పైలట్ మంట ఆరిపోయిందో లేదో కళ్ళతో చూడండి, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ వెళ్ళి మంటని అందుకుంటది. ఇది నేను భయపెట్టడానికి రాయట్లేదు. ఇంజిన్ స్టార్ట్ చేసేది కూడా కారు బయటకి తోశాకే, ఇల్లు ఆనుకుని ఉన్న గరాజ్‌లో తలుపు తెరిచినా సరే వద్దు.

రేడియేటరు నీళ్ళు తీసేస్తే సరిపోదు, బ్లాక్‌కి రెండు వైపులా కింద ప్లగ్గులుంటాయి, అవీ విప్పండి, లేకపోతే హెడ్ లేపగానే నీళ్ళన్నీ సిలిండర్లలోకి. డిస్ట్రిబ్యూటర్ లాగే ముందు ఒకటో సిలిండర్ టాప్‌కి తెచ్చి రోటర్ ఎటు చూస్తోందో ఫైర్‌వాల్ మీద టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. పుష్‌రాడ్లని (రాకర్లని తోసే కడ్డీలు) అట్టపెట్టెకి పదహారు బెజ్జాలు చేసి వరసగా గుచ్చండి. లిఫ్టర్లని (క్యామ్ మీద కూర్చుని పుష్‌రాడ్లని ఎత్తేవి) మాత్రం కదపొద్దు, ఒక్కొక్కటి తన క్యామ్ లోబ్‌కి అరిగి కుదురుకుని ఉంటాయి, మారిస్తే రెండూ పోతాయి. రెండు హెడ్ల మధ్య ఉండే వ్యాలీలో శుభ్రమైన టవల్ కప్పి అప్పుడు గాస్కెట్ గీకండి. ఒక్కో హెడ్‌కి పదిహేడు బోల్టులు, స్మాల్ బ్లాక్‌లో ఇవి నీళ్ళ గదిలోకి దిగుతాయి కాబట్టి ప్రతి బోల్టు మరలకీ సీలెంట్ రాయాలి, ఒక్కటి మర్చిపోయినా నీళ్ళు ఊరతాయి. మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో 65 ఫుట్-పౌండ్లకి. వోర్టెక్ ఇంటేక్ బోల్టులు మాత్రం 11 ఫుట్-పౌండ్లే, పాత పుస్తకం చూసి 30 లాగితే మరలు తెగుతాయి. ఇంటేక్ ముందూ వెనకా ఇచ్చే రబ్బరు పట్టీలు పారేసి పావంగుళం మందాన సిలికాన్ పెట్టండి. వోర్టెక్ మీద మొత్తం టైమింగ్ 32–34 చాలు.

శనివారం మధ్యాహ్నానికి హెడ్లు లేపడం, ఆదివారం సాయంత్రానికి తిరిగి బిగించడం కుదిరే పనే, కాకపోతే పార్టులన్నీ ఇంట్లో ఉన్నాకే మొదటి బోల్టు విప్పండి. ఇనుప హెడ్లు బరువు, ఫెండర్ మీద వంగి దించుతుంటే నడుం పట్టేస్తుంది, ఒక ఫ్రెండుని పిలుచుకోండి, 383 అన్న ఫ్రెండుని పిలిస్తే ఇంకా మంచిది.

హెడర్లు (గొట్టాలతో చేసిన ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు) వద్దు. వాటికి కారు ఎత్తాలి, కింద దూరాలి, మీకు ఆ చోటు లేదు. పాత మ్యానిఫోల్డులే ఉంచి మఫ్లర్ షాపులో రెండు పైపుల ఎగ్జాస్ట్ చేయించండి. ఇదంతా అయ్యాక నా అంచనాలో నెట్ లెక్కన 220 దాటాలి. ఇంకా చాలట్లేదంటే వెనక ఇరుసులో ఉండే గేర్ చూడండి. చాలా మాలిబులకి 2.73 లాంటి బద్ధకం గేర్ వచ్చింది, దాన్ని 3.42 చేస్తే సిగ్నల్ దగ్గర తేడా మొత్తం ఇంజిన్ పనికంటే ఎక్కువ తెలుస్తుంది, బదులుగా 60 మైళ్ళ స్పీడులో ఆర్పీఎమ్ 2100 నుంచి 2650కి ఎక్కుతుంది. అది షాపు పని, గరాజ్‌లో పెట్టుకోకండి.

ప్రశ్న: మాది న్యూజెర్సీ అండీ, 1970 నోవా, 350. హెడ్లు ఎలాగూ తీస్తున్నాం కదా అని క్యామ్ కూడా మార్చేద్దాం అనుకుంటున్నా, మంచి గరగర సౌండు రావాలని ఆశ. మారిస్తే ఏదైనా నష్టమా?
– ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: ఆశ బాగానే ఉంది గానీ నేనైతే ఆగమంటాను. పాత ఇంజిన్లో ఉండేది ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్, అంటే లిఫ్టర్ లోబ్ మీద నేరుగా రుద్దుకుంటూ తిరుగుతుంది. కొత్తది వేసిన మొదటి ఇరవై ముప్ఫై నిమిషాలే దాని జాతకం. స్టార్ట్ అయిన క్షణం నుంచి ఐడిల్‌కి దించకుండా 2000–2500 ఆర్పీఎమ్‌లో అటూ ఇటూ మారుస్తూ ఉంచాలి, స్టార్ట్ అవక పదే పదే సెల్ఫ్ కొట్టినా లోబ్ మీద రాసిన పేస్టు తుడుచుకుపోద్ది. పక్కింటి గోడ ఆనుకుని ఉన్న చోట అరగంట అలా మోగిస్తే పోలీసులకి ఫోన్ వెళ్ళడం ఖాయం. పైగా ఇప్పటి మామూలు ఆయిల్లో జింక్ పాతకాలం కంటే తగ్గించేశారు, క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకూడదని. జింక్ ఎక్కువున్న క్లాసిక్ కార్ల ఆయిల్ వెతుక్కోవాలి, అది ఎప్పటికీ. లోబ్ ఒకటి అరిగిందంటే ఆ రజను ఇంజినంతా తిరిగి బేరింగులు కూడా తినేస్తుంది, అప్పుడు ఇంజిన్ దించాల్సిందే, ఏ పని వద్దనుకున్నామో చివరికి అదే.

వేసి తీరతానంటే 204/214 డ్యురేషన్ (వాల్వు తెరిచి ఉండే డిగ్రీలు) దగ్గర చిన్నది చూసుకోండి, లిఫ్ట్ (వాల్వు లేచే ఎత్తు) 0.440 అంగుళాల చుట్టుపక్కల. వోర్టెక్ హెడ్ల మీద వాల్వు లిఫ్ట్ 0.460 లోపలే ఉంచాలి, ఆపైన వాల్వు గైడుకి రిటైనర్ తగులుతుంది. గరగర మాత్రం అంత చిన్న క్యామ్‌తో రాదు, ఆ సౌండు కావాలంటే టార్క్ కన్వర్టరు, వెనక గేర్ కూడా మార్చాల్సి వస్తుంది, బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ సరిపోదు. సౌండ్ కోసమైతే మఫ్లర్లు మార్చండి, తక్కువలో పోతుంది.

ప్రశ్న: పాత కారులో పాయింట్స్ (కాయిల్ కరెంటు తెంచే స్విచ్చు) తీసేసి హెచ్‌ఈఐ (జీఎం వాళ్ళ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) డిస్ట్రిబ్యూటర్ వేశాను, చల్లగా ఉన్నప్పుడు బాగానే లేస్తోంది, హైవే మీద మాత్రం దగ్గుతోంది. కార్బురేటర్ రెండుసార్లు విప్పించాను. ఏం చెయ్యను?
– ఒక పాఠకురాలు, ట్రాయ్, మిషిగన్

జవాబు: కార్బురేటర్‌ని ఇక వదిలెయ్యండమ్మా, పాపం దాని తప్పు ఉండకపోవచ్చు. పాయింట్ల కారులో కాయిల్‌కి వెళ్ళే తీగ రెసిస్టెన్స్ వైరు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు పాయింట్లు కాలిపోకుండా వోల్టేజ్ తగ్గించి ఇస్తుంది. హెచ్‌ఈఐకి పూర్తి బ్యాటరీ వోల్టేజ్ కావాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వేరే తీగలోంచి ఫుల్ కరెంటు వస్తుంది కాబట్టి లేవడం బాగానే లేస్తుంది, అక్కడే అందరూ మోసపోయేది. ఇంజిన్ నడుస్తుండగా హెచ్‌ఈఐ మూత మీద బ్యాట్ అని ఉన్న చోట మీటర్ పెట్టండి, 13–14 లేకుండా తొమ్మిదో పదో చూపిస్తే అదే కారణం. తాళం తిప్పగానే కరెంటొచ్చే చోటు ఫ్యూజు బాక్స్ నుంచి చూసుకుని, 12 గేజ్ తీగ కొత్తగా లాగండి, మధ్యలో రిలే పెడితే ఇంకా మంచిది. అప్పటికీ దగ్గుతుంటే డిస్ట్రిబ్యూటర్ లోపల మాడ్యూల్ కింద థర్మల్ పేస్టు రాశారో లేదో విప్పి చూడండి. లేకపోతే అది వేడెక్కి ఆగుతుంది.

ప్రశ్న: సార్, మా నాన్నగారి కాంటెస్సా ఉంది, విజయవాడలో. ఇండియన్ మజిల్ కార్ అంటారు కదా, దాంట్లో వీ-8 పెట్టించొచ్చా? మాకూ పార్కింగ్ ఒక్క కారుకే.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఒళ్ళు చూసి అన్నారు గానీ లోపల మజిలేం లేదండీ. 1984లో మొదట వచ్చినవాటిలో అంబాసిడర్ 1.5 ఇంజినే, తర్వాత ఇసుజు 1.8 వచ్చాక కాస్త ఊపిరొచ్చింది. ఇంజిన్ మార్పిడికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం, ఆర్టీఓ అనుమతీ ఆర్సీలో ఎక్కించడమూ లేకుండా చేస్తే ఇన్సూరెన్స్ కూడా ఎగ్గొడతారు. మీది ఇసుజు అయితే వీ-8 మాట పక్కన పెట్టి కంప్రెషన్ చూపించుకోండి, కార్బురేటరు కిట్టు, ప్లగ్గులు, పాయింట్లు మార్చి టైమింగ్ పెట్టించండి, రేడియేటరు రాడ్ కొట్టించండి. 1.5 అయితే స్పీడు మీద ఆశ పెట్టుకోకుండా బ్రేకులు బాగు చేయించుకోండి.